గడ్డి లేపినవాడికి బిందె

మా బావ బెంగళూరు వాళ్ళకు అమ్ముడుపోయి, గెలవాల్సిన ఆటలో కావాలనే బంతిని కుంటలోకి కొట్టాడని చిలమత్తూరు చుట్టుపక్కల ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. టీ అంగళ్ళ దగ్గర చెప్పుకుంటారు, ఎరువుల అంగడి ముందర చెప్పుకుంటారు, పెళ్ళి భోజనాల్లో ఆకు ముందు కూర్చుని పాయసం వచ్చేలోపల కూడా చెప్పుకుంటారు. అది అబద్ధం. దాన్ని మొదట పుట్టించినవాణ్ణి నేనే. నోటితో చెప్పి సరిదిద్దాలని చూస్తే సగం మందికే చేరింది. మిగతా సగం కోసం ఇది రాస్తున్నాను.

మా మెట్టచేలల్లో గోల్ఫు ఏమిటని అడిగేవాళ్ళుంటారు. సరిహద్దు దాటి కారులో గంటసేపు పోతే బెంగళూరు విమానాశ్రయం వస్తుంది. ఆ గంటను నమ్ముకుని ఒక కంపెనీవాళ్ళు మా శనక్కాయ చేలు కొన్నారు. చుట్టూ గోడ కట్టారు. గోడ మీద విల్లాల బొమ్మ వేసి, విల్లాల పక్కన గోల్ఫు మైదానం గీశారు. విల్లాలు ఇంకా బొమ్మలోనే ఉన్నాయి. మైదానం మాత్రం బొమ్మలోంచి దిగి వచ్చింది, ఎందుకంటే కొనడానికి వచ్చినవాళ్ళకు పచ్చగా ఏదో ఒకటి చూపించాలి. భూములమ్మిన మాకందరికీ సభ్యత్వం ఉచితమన్నారు. అలా మా చేలల్లో మేమే తెల్లబూట్లు వేసుకుని అతిథుల్లాగా తిరిగే యోగం పట్టింది. బంతిని పడేసే గుంతల్లో ఆరోది ఉన్నచోట ఒకప్పుడు మా నాయన కంది వేసేవాడు. చివరి గుంత మా బావ చేనులో ఉంది.

నేను హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేసి, ముందుగానే మానుకున్నవాణ్ణి. మెడలో విజిలు వేలాడినవాడికి ఏ ఆటైనా వచ్చునని మావాళ్ళ నమ్మకం. కంపెనీవాళ్ళకూ అదే నమ్మకం కలిగి, నన్ను కోచ్ అన్నారు. క్లబ్బు సెక్రటరీ కూడా నేనే. అప్పటికి నేను గోల్ఫు కర్రను ఫోన్లో తప్ప ఎక్కడా చూడలేదు. రాత్రి వీడియో చూసి, పొద్దున దాన్నే నా సొంత అనుభవంలాగా చెప్పేవాణ్ణి.

ఆ మైదానంలో గడ్డి ట్యాంకరు నీళ్ళతో బతికేది. గోడకు ఒక పక్క ఊరి ఆడవాళ్ళు బిందెలు వరసగా పెట్టుకుని కూర్చునేవాళ్ళు. ట్యాంకరు ముందు గేటులోంచి లోపలికి వచ్చి గడ్డికి పోసి, మిగిలితే వాళ్ళ దగ్గరికి పోయేది. గడ్డి ముందు, మనుషులు తర్వాత. దాన్ని మేము అభివృద్ధి అనేవాళ్ళం.

ఒకరోజు ఎరువుల అంగడి ఆయన పొట్టి కర్ర తీసుకుని బంతి మీదికి ఒక్క దెబ్బ వేశాడు. బంతితోపాటు రొట్టెంత గడ్డిపెళ్ళ లేచి దూరంగా పడింది. గోడ మీదినుంచి చూస్తున్న ఒక ఆమె కేక వేసింది.

"ఏమప్పా! మా నీళ్ళన్నీ తాగిన గడ్డిని పెరికి పారేస్తాండావే. మీ ఇంట్లో ఇట్లనే చేస్తావా?"

ఆయన తలెత్తలేదు. మేమెవ్వరమూ ఎత్తలేదు. కరువులో పుట్టి పెరిగినవాళ్ళం, పచ్చగడ్డి వేర్లతో సహా లేచి పడితే చూడలేం. ఆ సాయంత్రమే సెక్రటరీ హోదాలో నేను ఒక నియమం పెట్టాను. కొట్టినప్పుడు ఎవరు గడ్డి లేపితే వాళ్ళు మైదానంలో ఉన్న నీళ్ళ ట్యాంకు దగ్గరనుంచి బిందెడు నీళ్ళు భుజాన మోసుకొచ్చి ఆ గాయం మీద పోయాలి. అందరూ చప్పట్లు కొట్టారు. తెల్లబూట్ల కాంట్రాక్టర్లు, మాజీ సర్పంచులు, ఇంకా మాజీ కాని సర్పంచులు, అందరూ బిందె మోస్తూ ఫోటోలకు చిక్కారు. వాట్సాప్ గ్రూపులో అంత సంబరం పండగకు కూడా చూడలేదు.

మా అక్క మొగుడు, అంటే మా బావ, ఆ చుట్టుపక్కల పంచాయితీలు చెప్పే పెద్దమనిషి. గట్టు తగాదా వచ్చినా, బోరు నీళ్ళ తగాదా వచ్చినా, మొగుడూ పెళ్ళాలు విడిపోతామన్నా ముందు ఆయన అరుగు మీదికి వస్తారు. ఆయన దగ్గర చదువు లేదు, పదవి లేదు. ఆయన చెప్పింది చెప్పినట్టు ఉంటుందన్న ఒక్క నమ్మకమే ఉంది. మొదటిరోజే ఆయన కూడా గడ్డి లేపాడు. చెట్టు నాటవచ్చు, అంత గుంత. బిందె మోశాడు. మర్నాడు నన్ను పక్కకు పిలిచాడు.

"బామ్మర్దీ, పంచాయితీ చెప్పేటోడు నీళ్ళు మోస్తా ఫోటోలో పడితే రేపొద్దున నా మాట ఎవురింటారప్పా? గడ్డి లేయకుండా కొట్టేది నేర్పు. లేదంటే ఈ కట్టెలన్నీ నీకే ఇచ్చేస్తా, పందిరేసుకో."

అప్పుడు పుట్టింది నా సిద్ధాంతం. కర్ర ఏదైనా ఊపు ఒక్కటే. వాకిలి ఊడ్చినట్టు, నేలకు రవ్వంత పైనే, అడ్డంగా ఊడ్చి కొట్టాలి. నిజానికి వీడియోల్లో ఇంకొకలా చెప్పేవాళ్ళు. పొట్టి కర్రకు బంతి దగ్గరగా నిలబడాలి, కర్ర నిటారుగా పైకి లేచి నిటారుగా దిగాలి, ముందు బంతి, తర్వాత నేల తగలాలి. పొడుగు కర్రకు దూరంగా నిలబడాలి, అది నడుము చుట్టూ వెడల్పుగా తిరగాలి అనేవాళ్ళు. ఆ వీడియోల్లో పొట్టి కర్రతో కొట్టిన ప్రతిసారీ గడ్డి ఎగిరేది. నేను దాన్ని చూసి, వాళ్ళ దేశంలో వానలు పడతాయి గనక ఆ పొగరు అనుకున్నాను. గడ్డి ఎగిరే భాగం వచ్చినప్పుడల్లా వేలితో ముందుకు తోసేవాణ్ణి. అంటే అసలు పాఠం వచ్చినప్పుడల్లా.

అందరూ ఊడ్చడం నేర్చుకున్నారు. బిందె శిక్ష ఆగిపోయింది. నా పేరు గేటు దాటి హిందూపురం దాకా పోయింది. ఇందులో ఒక చిక్కు ఉందని మాకెవరికీ తట్టలేదు. పొట్టి కర్రతో అడ్డంగా ఊడిస్తే అది బంతికి కిందుగా పోదు, బంతి నెత్తిన తగులుతుంది. నెత్తిన దెబ్బ తిన్న బంతి పైకి లేవదు, నేల మీద పరుగెడుతుంది. మా నేల ఎలాంటిది? ట్యాంకరు తడి పైపైనే, కింద రాయి. బంతి మోటు దెబ్బ తిని, కుందేలులాగా గెంతుకుంటూ, దొర్లుకుంటూ, దాదాపు గుంత దాకా పోయేది. మేము "శభాష్" అనుకునేవాళ్ళం. మాకు వచ్చిన పేరులో సగం ఆ రాతినేలది.

ఇంతలో కంపెనీవాళ్ళు బెంగళూరులో ఒక పాత క్లబ్బుతో మాకు స్నేహపూర్వకమైన పోటీ కుదిర్చారు. స్నేహం వాళ్ళకు, పోటీ మాకు. పోయేరోజు వ్యాను ముందు కొబ్బరికాయ కొట్టాం. ఎరువుల అంగడి ఆయన కొత్త టోపీ పెట్టుకుని, "కప్పు లేకుండా తిరిగొచ్చేదే లేదు" అన్నాడు. ఎదురుగా ఉన్న టీ అంగడివాడు, "ఏం కప్పన్నా, టీదేనా? ఈడనే ఇస్తా, అంతదూరం ఏంటికి?" అన్నాడు.

వాళ్ళ మైదానం మాదిలాంటిది కాదు. గడ్డి మీద కాలు పెడితే చీలమండ దాకా మెత్తగా దిగింది. నీళ్ళు చిమ్మే గొట్టాలు వాటంతట అవే లేచి, చిమ్మి, మళ్ళీ భూమిలోకి పోతున్నాయి. మా బావ ఒక గొట్టం దగ్గర ఆగి, అది లోపలికి పోయేదాకా చూసి, "ఎవురికీ చెప్పొద్దు, మా బోరు ఇంటే ఏడుస్తాది" అన్నాడు.

మొదటి గుంత దగ్గర అందరం పొడుగు కర్రలతో బాగానే కొట్టాం. ఆ దెబ్బకు బంతిని చిన్న మేకు మీద లేపి పెడతారు గనక ఊడ్చినా సరిపోతుంది. రెండో దెబ్బ బెంగళూరు ఆయనది. పొట్టి కర్ర తీసుకుని బంతికి దగ్గరగా వచ్చాడు. బంతిని రెండు కాళ్ళకు నడిమధ్యన ఉంచుకున్నాడు. చేతులు నిటారుగా పైకి పోయాయి, కిందికి వచ్చాయి. బంతి ఆకాశంలోకి లేచింది. దాని వెనక అరచేతి మందాన గడ్డిపెళ్ళ లేచి పడింది.

మావాళ్ళందరూ ఒక్కసారి "అయ్యో" అన్నారు. మా బావ పరుగున పోయి ఆ పెళ్ళను ఎత్తుకొచ్చి, గాయంలో పెట్టి, అరచేత్తో అదిమి, తన తాగేనీళ్ళ సీసా మూత తీసి దాని మీద పోశాడు. ఆ బెంగళూరు ఆయన ఆశ్చర్యపోయి నవ్వాడు. ఆయన కూడా తెలుగువాడే.

"పెద్దాయనా, పర్వాలేదు. ఈ కర్రతో కొడితే గడ్డి లేవాలి. బంతి తర్వాత నేల తగిలితేనే దెబ్బ సరిగ్గా పడినట్టు."

"మా మాస్టరు లేయకూడదన్నాడే?" అన్నాడు మా బావ. చూపు నా వైపు తిరిగింది. నేను దూరంగా ఉన్న చెట్టు వైపు తిరిగాను.

అంటే నా పాఠం తప్పని ఆ క్షణంనుంచి నాకు తెలుసు. ఈ విషయం ఎవరికీ తెలియదు గనక రాస్తున్నాను. మిగతా ఆటంతా నేను వాళ్ళ కాళ్ళనే చూశాను. కర్ర పొట్టిదయ్యేకొద్దీ వాళ్ళు దగ్గరగా జరుగుతున్నారు, ఊపు నిటారవుతోంది. పొడుగయ్యేకొద్దీ వెనక్కి జరుగుతున్నారు, ఊపు పడుకుంటోంది. నేను వేలితో తోసేసిన పాఠమంతా నా కళ్ళ ముందు ఎండలో నడుస్తోంది. మావాళ్ళ బంతులు మెత్తటి గడ్డిలో రెండు దొర్లులు దొర్లి నిద్రపోతున్నాయి. అయినా కొన్ని అదృష్టం కొద్దీ, కొన్ని వాళ్ళ మర్యాద కొద్దీ చివరి గుంతకు వచ్చేసరికి రెండు పక్షాలూ సమానంగా ఉన్నాయి.

చివరి దెబ్బ మా బావది. ముందు చిన్న కుంట, కుంటకు ఆవల జెండా. పొట్టి కర్రతో లేపి దాటించాలి. అందరూ దూరంగా చుట్టూ నిలబడ్డారు, దగ్గర నేనొక్కణ్ణే. ఆయన బంతి దగ్గరికి ఒక అడుగు జరిగి, కర్రను నిటారుగా పట్టుకుని, తలెత్తి నన్ను మెల్లగా అడిగాడు.

"బామ్మర్దీ, ఆయన చెప్పినట్టు దించి కొట్టల్లా? నువ్వు చెప్పినట్టు ఊడ్చల్లా?"

దించు బావా అంటే చాలు. కానీ ఆయన అలా కొడితే ఇన్నాళ్ళు నేను నేర్పింది తప్పని అందరి ముందూ తేలినట్టే. కంపెనీ మేనేజరు కూడా అక్కడే ఉన్నాడు.

"ఊడ్చు బావా. ఊపు ఒక్కటే" అన్నాను, ఆయనకు మాత్రమే వినపడేట్టు.

ఆయన వెనక్కి జరిగాడు. నా మాట నమ్మి జరిగాడు. ఊడ్చాడు. బంతి నెత్తిన ఠక్కుమని తగిలింది. అది గడ్డి మీద పాకి, గట్టు దిగి, కుంటలో మునిగింది. బాతులు రెండు లేచి ఇంకో పక్కకు పోయి కూర్చున్నాయి. బెంగళూరువాళ్ళు మర్యాదగా చప్పట్లు కొట్టారు. తర్వాత వాళ్ళలో ఒకాయన బావను కారు దగ్గరికి తీసుకుపోయి, లేపాక్షి నంది చూడటానికి ఏ వేళ పోతే ఎండ తక్కువ ఉంటుందని అడిగాడు. బావ చెప్పాడు. మావాళ్ళు దూరంనుంచి చూశారు.

తిరుగు ప్రయాణంలో వ్యాను సగం దారి వచ్చింది. ఎరువుల అంగడి ఆయన టోపీ ఒళ్ళో పెట్టుకుని నన్ను అడిగాడు.

"మాస్టరూ, నిన్ను అడిగినాడు గదా ఆయప్ప. ఏం చెప్తివి?"

నేను గొంతు తగ్గించి, "దించి కొట్టమనే చెప్పినా. ఇన్లేదు" అన్నాను.

బావ ముందు సీట్లో డ్రైవరు పక్కన ఉన్నాడు. ఆయన తల కదల్లేదు. నిద్రపోయాడనుకున్నాను. నిజానికి అలా అనుకోవాలనుకున్నాను.

నేను చెప్పింది ఆ మాటొక్కటే. మిగతాదంతా ఊరు కట్టుకుంది. మాస్టరు చెప్పినా వినలేదంటే కావాలనే చేశాడు. కావాలనే చేశాడంటే ఊరికే చేస్తాడా? కారు దగ్గర ఏం మాట్లాడినట్టు? దుడ్లు ముట్టినాయి. వ్యాను చిలమత్తూరు చేరేసరికి అనుమానంగా ఉన్నది, మూడో టీ అంగడికి చేరేసరికి సాక్ష్యమైంది. నంది దగ్గర ఎండ గురించి అడిగిన పెద్దమనిషి ఆ కథలో చేతిసంచితో వచ్చిన దళారీ అయిపోయాడు.

బోరు నీళ్ళ తగాదాతో ఆ శుక్రవారం బావ అరుగు మీదికి రావాల్సిన అన్నదమ్ములిద్దరు రాలేదు. స్టేషనుకు పోయారని తెలిసింది. ఒక పక్షానికి అమ్ముడుపోయేవాడు బోరు దగ్గర మాత్రం అమ్ముడుపోడా అని పెద్దవాడు అన్నాడట. తర్వాత అరుగు మీదికి ఎవరూ రాలేదు. కుర్చీలు ఖాళీగా ఉంటే చూడలేక మా అక్క వాటిని లోపల వేసింది.

ఒకరోజు అక్క మా ఇంటికి వచ్చింది. గడపలోనే నిలబడింది.

"కూర్చోక్కా."

"కూర్చునేదానికి రాలే. మీ బావను దించి కొట్టమన్నేది నిజమేనా?"

నేను గోడ వైపు చూశాను.

"నాకు తెల్సు. చిన్నప్పుడు నాయన నిన్ను అడిగినా ఇట్లనే గోడకల్లా సూస్తాంటివి. మీ బావకు ఆ పొద్దే వ్యానులో ఇనపడిందంట. ఏంటికి గమ్మునుంటివని అడిగితే, వాని కూడు ఆ కట్టెల్లో ఉండాది, నాకేమిలే మాట పోతే చేలో పని చేసుకుంటా అన్నాడు. చేను యాడుండాదిరా? జెండా పాతినారు గదా దాంట్లో."

అంతే అని వెళ్ళిపోయింది. 

ఆ తర్వాత నేను ఎవరూ లేనప్పుడు మైదానంలోకి పోయి కొట్టడం మొదలుపెట్టాను. సిగ్గుపడి ఊరుకుంటే బావ పేరు బాగుపడదు. ముందు నాకు సరైన దెబ్బ రావాలి. పొట్టి కర్ర పట్టుకుని దగ్గరగా నిలబడి దించితే, నీళ్ళు తక్కువైన చోట రాయి తగిలి మోచేయి దాకా జివ్వుమనేది. తడిసిన చోట వెతుక్కున్నాను. బంతిని మధ్యలో పెట్టి, చేతులు బంతికంటే కొంచెం ముందుంచి, నిటారుగా దించేసరికి బంతి ఎగిరింది, అది ఉన్నచోటికి రవ్వంత ముందర గడ్డి లేచింది.  అలవాటుకొద్దీ చుట్టూ చూశాను, బిందె కోసం. నడితరం కర్రకు ఒక పాదం వెనక్కి జరిగితే ఊపు దానంతటదే కొంచెం వాలింది. అన్నిటికంటే పొడుగు కర్రకు బంతిని ఎడమ మడమ ఎదురుగా మేకు మీద పెట్టి, దూరంగా నిలబడి, పైకి లేస్తున్న ఊపుతో ఊడిస్తే సరిగ్గా పోయింది. అంటే నా సిద్ధాంతం పూర్తిగా తప్పు కాదు. సంచిలో ఒక్క కర్రకు ఒప్పు. సిద్ధాంతాలు చెప్పే మాబోటివాళ్ళ గొప్ప చాలావరకు ఇంతే.

ఆదివారం అందరూ ఆరో గుంత దగ్గర చేరినప్పుడు చెప్పేశాను. బావ నన్ను అడిగాడని, ఊడ్చమన్నది నేనేనని, వ్యానులో అబద్ధమాడానని. తల వంచుకుని తిట్ల కోసం ఎదురుచూశాను. ఎవరూ తిట్టలేదు. ఎవరూ నమ్మలేదు.

"మంచోడివి మాస్టరూ" అన్నాడు ఎరువుల అంగడి ఆయన. "అక్కమొగుడు గదా, ఎనకేసుకొస్తాండావు."

"లేదన్నా, నిజంగా నేనే..."

"ఉండనీ లేప్పా. మా ఇంట్లో అయినా ఇట్లనే చేస్తాం."

అబద్ధం ఒక్క మాటకే నమ్మినవాళ్ళు, నిజానికి మాత్రం సాక్ష్యం అడుగుతున్నారు. అప్పుడు ట్యాంకరు గొట్టం కోసం తవ్విన కాలువ చూపించాను. అప్పుడే నీళ్ళు పెట్టి గడ్డి మెత్తగా ఉంది. "పొట్టి కర్రతో నేను నేర్పినట్టు ఊడ్చి, బంతిని కాలువ దాటించండి" అన్నాను. ఎరువుల అంగడి ఆయన ఊడ్చాడు. బంతి కాలువలో పడింది. కాంట్రాక్టరు ఊడ్చాడు. కాలువలో పడింది. ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. కాలువ కోడిగుడ్ల బుట్టలాగా నిండింది. గోడ మీద ఆడవాళ్ళు చేరి పగలబడి నవ్వుతున్నారు.

"అందురూ అమ్ముడుపోయినారేమే!" అంది ఒకామె.

ఆ మాటతో మావాళ్ళ మొహాల్లో రంగు మారింది. అప్పటికి మా అక్క బావను గేటు దాకా తోసుకొచ్చింది. ఆయన వచ్చి దూరంగా నిలబడ్డాడు. నేను బంతి దగ్గరికి జరిగి, దించి కొట్టాను. బంతి కాలువ దాటి, జెండా దాటి పడింది. గడ్డిపెళ్ళ లేచి ఎరువుల అంగడి ఆయన బూటు మీద పడింది.

 ఆయన ఆ బూటు వైపు చూసి, కొత్త టోపీ తీసి, మా బావ వైపు తిరిగి, "అన్నా, మేము..." అని ఆగిపోయాడు. మిగతావాళ్ళు తమ బూట్లు చూసుకున్నారు.

గోడ మీది ఆమె మాత్రం ఆగలేదు. "ఏమప్పా మాస్టరూ, గడ్డి లేసె గదా! బిందె యాడ? నువ్వు పెట్టిన చట్టం వాళ్ళకేనా?"

అందరూ బావ వైపు చూశారు. తగాదా తెగనప్పుడు అరుగు మీద చూసినట్టు. ఆయన కాసేపు మీసం సవరించుకున్నాడు.

"గడ్డి లేయల్లంట గదా. లేపండి. నేనూ లేపుతా. లేపినోడు బిందె మొయ్యల్ల, అది మారదు. కానీ నీళ్ళు గడ్డికి పోసేది లేదు. గోడకు ఆ పక్క పొయ్యల్ల. మాస్టరుతో మొదులు."

మేనేజరు ముందుకొచ్చి, "సార్, ట్యాంకు నీళ్ళు కంపెనీవి..." అన్నాడు.

"ఈ భూమి నాదే గదా ఉండె" అన్నాడు బావ. "దాన్ని తిరిగి ఇయ్యమని అడిగిన్నా నేను?"

మేనేజరు వెనక్కి పోయాడు.

నేను బిందె భుజాన పెట్టుకున్నాను. ఇత్తడి బిందె. నిండితే ఎంత బరువుంటుందో, ఆ నియమం పెట్టినవాణ్ణయినా అప్పటిదాకా నాకు తెలియదు. చొక్కా తడిసింది, బూట్లు తడిశాయి, ఫోన్లన్నీ నా వైపు లేచాయి. గోడ దగ్గర ఆ కేకలు వేసిన ఆమె తన బిందె ముందుకు జరిపి, "రవ్వంత పారబోయకుండా పొయ్యప్పా, కోచ్ గదా" అంది.

ఇప్పుడు మావాళ్ళు పొట్టి కర్రకు దగ్గరగా నిలబడతారు, పొడుగు కర్రకు వెనక్కి జరుగుతారు, ఎవరు గడ్డి లేపినా గోడవతల ఒక బిందె నిండుతుంది. ఆట బాగుపడింది. మైదానం మచ్చలు పడి చిరుతపులిలాగా తయారైంది. విల్లాలు కొనేవాళ్ళు రావడం తగ్గిందని మేనేజరు దిగులుపడుతున్నాడు.

బోరు అన్నదమ్ములిద్దరూ మొన్న శుక్రవారం బావ అరుగు మీదికి వచ్చారు. అక్క కుర్చీలు బయట వేసింది. నేనూ అక్కడే ఉన్నాను, ఒక కుర్చీలో కూర్చోబోయాను. పెద్దవాడు నా వైపు చూసి బావతో అన్నాడు.

"నువ్వేం చెప్పినా సరేన్నా. ఈ మాస్టరు మాత్రం పక్కన ఉండొద్దు."

బావ నా వైపు చూశాడు. నేను కుర్చీని ఆయన వైపు జరిపి, లేచి, లోపల అక్క దగ్గరికి పోయి కూర్చున్నాను.